మేనమామ ఒడి కోసం మూడు జిల్లాలు

మా ఆయన నాకు పెట్టిన పేరు ‘అబ్బో’. పెళ్ళయిన కొత్తలో రాజమండ్రి వంతెన మీద రైలు వెళ్తుంటే కిటికీలోంచి తల తియ్యకుండా ‘అబ్బో, అబ్బో’ అంటూనే ఉన్నానట. ఇన్నేళ్ళయినా ఆ పేరూ పోలేదు, ఆ అలవాటూ పోలేదు. మొన్న ఫిబ్రవరి చివర్లో నేను జనగామ బయల్దేరుతుంటే, “అక్కడేముందని? అబ్బో అనడానికి సముద్రమా, కొబ్బరితోటా?” అని ఆటపట్టించారు. బి.ఎడ్. చదివేటప్పుడు హైదరాబాదు హాస్టల్లో నా పక్క మంచం విజయది. బచ్చన్నపేట దగ్గర ఒక ఊళ్ళో టీచరుగా ఉంటోంది. ఏళ్ళ తరబడి రమ్మంటోంది, వెళ్ళాను. గుట్టలు చూసి, పాలకుర్తి గుడికి వెళ్ళి, ఇత్తడి సామాను కొనుక్కుని వచ్చేద్దామన్నది నా ఆలోచన. ఇత్తడి సామాను కొననేలేదు. కానీ జీవితంలో అన్నిసార్లు అబ్బో అనుకున్న ప్రయాణం ఇంకోటి లేదు.

వేపమండలు కట్టిన వీధి

జనగామలో బస్సు దిగగానే ముందు నాకు కనిపించింది ఆకాశం. మా అమలాపురంలో అది కొబ్బరాకుల మధ్య ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఇక్కడ చూపుకు అడ్డమే లేదు. పత్తి ఏరేసిన చేలు, ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టున్న బండరాళ్ళ గుట్టలు, ఒక చెరువు, మళ్ళీ చేలు. నీళ్ళు లేని చోట ఇంత పంట ఎలా తీస్తారో, కాలవ పక్కన పుట్టినదాన్ని నాకు అర్థం కాదు.

విజయ నాకు పెట్టిన మొదటి తిండి సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ కలిపి, గిన్నెకు లోపల మెత్తి, అలాగే పొయ్యి మీద పెట్టేస్తారు. మా వైపు దిబ్బరొట్టె గుర్తొచ్చింది కానీ ఇది కరకరలాడుతుంది. రెండోది అడిగి తిన్నాను. “మీ సినిమాలల్ల మా భాష మాట్లాడేటోడు రౌడీనో పనోడో. మా పిండి మాత్రం మంచిగుంటదా?” అంది విజయ. నోటినిండా పిండి ఉండటంతో నేను జవాబు చెప్పే అవసరం తప్పింది.

సాయంత్రం వీధిలో నడుస్తుంటే వరసగా నాలుగైదు గుమ్మాలకు పచ్చి వేపమండలు కట్టి ఉన్నాయి. ఏదో పండగనుకుని, “ఏ అమ్మవారికి?” అని అడిగాను.

“పండుగ కాదే. తట్టు” అంది విజయ.

తట్టు అనే మాట విని ఎన్నాళ్ళయిందో. మా చిన్నప్పుడు ఒళ్ళంతా ఎర్రగా పేలి, కళ్ళు పూసుకుపోయి, చీకటి గదిలో పడుకోబెట్టిన పిల్లలు గుర్తొచ్చారు. టీకాలొచ్చాక అది వెళ్ళిపోయిందనుకున్నాను. వెళ్ళిపోలేదు. అమ్మవారు పోసిందని ఆ ఇళ్ళలో తాలింపు కూడా పెట్టడం లేదు. వంటల వేళ ఒక్క ఇంటి నుంచీ పోపు వాసన రాకపోతే వీధి ఎంత బోసిగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

విజయ పక్కింట్లో స్వరూప ఉంటుంది. ముప్పై దాటని మనిషి. భర్త లారీ నడుపుతూ నెలలో సగం రోజులు దారుల మీదే ఉంటాడు. కూతురు లచ్చికి మూడో ఏడు నడుస్తోంది. ఆ పిల్లను చూసి నేను మళ్ళీ నోరు తెరిచాను. పుట్టిన దగ్గర్నుంచీ కత్తెర తగలని జుట్టు, నడుం దాకా, చిక్కులు చిక్కులుగా. స్వరూప దాన్ని పాయలు తీసి రబ్బరుబ్యాండు వేస్తోంది.

“ఇంకా పుట్టువెంట్రుకలు తీయించలేదా?” అన్నాను.

“ఇనుము తగలనియ్యనని మొక్కిన అక్కా. కత్తెర గాని, సూది గాని. కాళేశ్వరంల గోదారి ఒడ్డుకు మేనమామ ఒళ్ళె కూసోవెట్టి ఎంట్రుకలు తీసెదాంక ఏదీ ముట్టొద్దు.”

“మరి తీయించేయొచ్చుగా?”

ఆమె ఆ ప్రశ్న విననట్టు పిల్ల జడ మళ్ళీ విప్పి మళ్ళీ వేసింది.

సంగతి ఇంటికొచ్చాక విజయ చెప్పింది. లచ్చికంటే ముందు స్వరూపకు ఒక కొడుకు. తొమ్మిది నెలల పిల్లవాడు. పండక్కి వచ్చిన స్వరూప అన్న యాకయ్య, మేనల్లుడికి తట్టు సూది వేయించాల్సిందేనని పట్టుబట్టి తానే ఎత్తుకుని తీసుకెళ్ళాడు. ఆ రాత్రే పిల్లవాడు పోయాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి రోజులు దాటిపోయిందనీ, సూదికీ దీనికీ సంబంధం లేదనీ పెద్దాసుపత్రి డాక్టరు విడమర్చి చెప్పాడట. తల్లి చెవికి అవేవీ ఎక్కలేదు. “నా కొడుకును నువ్వే సంపినవ్” అని అందరిముందూ అన్నను అనేసింది. యాకయ్య మళ్ళీ ఆ గడప తొక్కలేదు. లచ్చి పుట్టాక ఈమె ఈ మొక్కు మొక్కుకుంది. మేనమామ లేకుండా మొక్కు తీరదు. మేనమామను పిలవడానికి ఈమెకు నోరు రాదు. అలా ఆ పిల్ల ఒంటికి ఒక్క టీకా కూడా పడలేదు.

“ఆ పిలగాని ముచ్చట వాడకట్టంత పాకింది. ఒక్కొక్కరే సూదులు మానేసిండ్రు. దాని మీదికెల్లి ఫోన్లల్ల వీడియోలు, సూదేస్తె రేపు పిల్లలు పుట్టరని, ఇంకేందో అని. ఇప్పుడు చూడు, తట్టు నాలుగిండ్ల అవతలికి వచ్చి కూసున్నది” అంది విజయ. అందులో ఒక పిల్లను నిమ్ము చేసి జనగామ దవాఖానలో పెట్టారట.

ఆశా కార్యకర్త, నర్సు, విజయ, ముగ్గురూ ఇన్నాళ్ళూ మొక్కు వదిలెయ్యమని స్వరూపను బతిమాలుతూ వచ్చారు. ఆమె కదల్లేదు. ఈ వారం విజయ పద్ధతి మార్చింది. “మొక్కు విడువకు. తొందరగ తీర్చుకో. మీ అన్న దగ్గరికి పో” అంది. ఒక పగలంతా ఏడ్చి, సాయంత్రానికి స్వరూప సరేనందిట. మూడేళ్ళుగా ఎవరివల్లా కానిది ఒక్క మాటతో అయింది. నేను అబ్బో అన్నాను.

వెంట వెళ్ళడానికి విజయకు పరీక్షల పని. స్వరూప అత్తకు మోకాళ్ళు లేవవు. “నేను వెళ్తాను” అన్నాను. పాలకుర్తి ఎక్కడికీ పోదు.

జీరో టికెట్

తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా అని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. కండక్టరు నా ఆధార్ కార్డు చూసి, “అమ్మా, మీది ఆంధ్ర” అని చెయ్యి చాపాడు. బస్సంతా నవ్వింది. స్వరూపకు జీరో టికెట్, నాకు నిండు టికెట్. ముందు సీట్లోంచి ఒకావిడ వెనక్కి తిరిగి, “ఏం గాదు తీ, మా సర్కారుకు ఇచ్చినవనుకో” అని ఓదార్చింది.

ఆవిడ పేరు ఖాజాబీ. జనగామలో గాజుల అంగడి. బుట్టను కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. లచ్చి జుట్టు చూసి మొక్కు సంగతి అడిగి తెలుసుకుంది. “మొక్కు అంటె మొక్కే బేటీ. మేం గూడ దర్గా కాడ గిట్లనే తీపిస్తం” అంది. తర్వాత లచ్చి చేతికి సరిపోయే గాజులు వెతుకుతూ, మామూలుగా, ధర చెప్పినట్టుగా చెప్పింది. “మా అమ్మకు ఏడుగురం. ముగ్గురం మిగిలినం. నా పెద్దక్కకు కంఠసర్పి. గొంతుల తెల్లగ పొర కట్టి, ఊపిరాడక, నా ముంగటనే పోయింది. సూదులొచ్చినంక ఇప్పటి పోరగాళ్ళకు గా పేరే తెల్వది. తెల్వకపోవుడు మంచిదే గాని, మరిచిపోవుడు మంచిది గాదు.”

గాజులకు ఖాజాబీ ఇరవై రూపాయలు చెప్పింది, ఇవ్వబోతే తీసుకోలేదు. వరంగల్లులో దిగిపోయింది. ఆవిడ దిగాక చాలాసేపటికి స్వరూప కిటికీ వైపు చూస్తూ నోరు విప్పింది.

“అక్కా, గా రోజు నా కొడుకుకు అప్పటికే దగ్గున్నది. ఊపిరి ఎగపోస్తున్నడు. సిస్టరమ్మ అడిగితె ఏం లేదని చెప్పమని మా అన్నకు చెప్పి పంపిన. దగ్గున్నదంటె సూది ఎయ్యదు, మల్ల ఇంకోపాలి కూలి పోగొట్టుకొని పోవాలె అనుకున్న. సూదితోని పోలేదని నాకు ఎరుకే. నిమ్ము జేసిందని నేనే ముందుగాల దవాఖానకు ఉరకాలె. నేను చేసిన తప్పును నేను మోయలేక మా అన్న నెత్తిన పెట్టిన.”

“మరి లచ్చికెందుకు వేయించలేదమ్మా?”

“ఎరుక వేరు, గుండె వేరు గదా అక్కా. సూది మాట వింటె నాకు గా రాత్రే కండ్లముంగట ఆడుతది.”

నేను టీచరుగా ముప్పై ఏళ్ళు పనిచేశాను. చదువు లేక భయపడేవాళ్ళకు విషయం చెబితే చాలని నమ్మినదాన్ని. స్వరూపకు విషయమంతా తెలుసు. లచ్చిని నా ఒళ్ళోకి తీసుకున్నాను.

మానుకోట ఘాటు

మహబూబాబాదును అక్కడ అందరూ మానుకోట అనే అంటారు. మిర్చి కాలంలో ఆ ఊరు కళ్ళకంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. మార్కెట్ యార్డు ఇంకా దూరం ఉండగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. గేటు దాటి చూస్తే నేలంతా ఎరుపే. కుప్పలు, బస్తాలు, బస్తాల మీద మనుషులు, ఆ మనుషుల బనియన్లు కూడా ఎరుపు. మా ఊళ్ళో ఆవకాయ పెట్టే రోజు పెరటి నిండా కారం ఆరబోస్తే అదే పెద్ద వింత. ఇక్కడ ఊరు ఊరంతా ఆవకాయ జాడీలో కూర్చున్నట్టుంది.

యాకయ్య మిర్చి రైతు. ఆ రోజు సరుకు అమ్మకానికి తెచ్చాడని వాళ్ళింటి పక్కవాళ్ళు ఫోన్లో చెబితే నేరుగా యార్డుకే వచ్చాం. నేను లచ్చిని ఎత్తుకుని గేటు దగ్గర రేకుల కింద నిలబడ్డాను. స్వరూప రెండడుగులు లోపలికి వేసి ఆగిపోయింది. బస్తా మీద కూర్చున్న నల్లటి పొడవాటి మనిషి మమ్మల్ని చూసి లేచాడు. మెడలో తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. స్వరూప కళ్ళు కారుతున్నాయి, అతని కళ్ళు కారుతున్నాయి, నా కళ్ళు కారుతున్నాయి, పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని వ్యాపారికీ కారుతున్నాయి. అందులో ఏడుపు ఎంతో, ఘాటు ఎంతో ఎవరు చెప్పగలరు?

అప్పుడు లచ్చి తుమ్మింది.

“పిల్లను గీ ఘాటుల ఎందుకు నిలవెట్టినవ్? బుద్ధున్నదా?” అని కసిరాడు యాకయ్య. మూడేళ్ళ తర్వాత చెల్లెలితో అతను అన్న మొదటి మాట అది. కసురుతూనే వచ్చి నా చేతుల్లోంచి పిల్లను తీసుకుని, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టి, గబగబా బయటికి నడిచాడు. మేం వెనక పరిగెత్తాం. అమ్మకానికి తెచ్చిన బస్తాల సంగతి అతనికి గుర్తున్నట్టు లేదు.

వాళ్ళింట్లో భోజనం గురించి రాయకపోతే పాపం. యాకయ్య భార్య రాజమ్మ ఇంటి కోడి కూర, పచ్చి పులుసు, జొన్నరొట్టె పెట్టింది. చింతపండు నీళ్ళను కాచకుండా అలాగే ఉల్లిపాయతో పోసుకుని తినడమేమిటని మొదట అనుకున్నాను. ఆ ఎండలో, ఆ కారం తర్వాత, పచ్చి పులుసు కనిపెట్టిన ఇల్లాలికి దణ్ణం పెట్టాలనిపించింది. కోడికూర కారానికి నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. “మీ దిక్కు కారం తినరా అక్కా?” అని రాజమ్మ జాలిపడింది. ఆంధ్రా కారం అని ఊళ్ళేలే జాతిదాన్ని, ఆ మాటకు తలెత్తలేకపోయాను.

భోజనాలయ్యాక రాజమ్మ లోపల్నుంచి ఒక సంచి తెచ్చి స్వరూప ముందు పెట్టింది. అందులో గౌన్లు. ఒకటి పురిటి పిల్లకు సరిపోయేది, ఒకటి కాస్త పెద్దది, ఒకటి ఇప్పటి లచ్చి కొలతకు ఇంచుమించుగా ఉన్నది. “ఏడాదికోటి కొన్నడు వదినె. పోయి ఇచ్చిరా అంటె, నా మొకం చూసి నా చెల్లె మల్ల ఏడుస్తది అన్నడు” అంది.

స్వరూప అన్న వైపు చూడలేదు. అతి చిన్న గౌనును ఒళ్ళో పెట్టుకుని మడత పెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడత పెడుతూ, మొక్కు సంగతీ వీధిలో తట్టు సంగతీ చెప్పింది. చివర, “నీ ఒళ్ళె కూసోవెట్టుకోవాలె అన్నా” అంది.

“కూసోవెట్టుకుంట. రేపే పోదాం. ఇయ్యాల మంగళారం, ఎంట్రుకలు తియ్యొద్దు” అన్నాడు యాకయ్య. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. “సూదికి మాత్రం నేను రాను స్వరూపా. గది నువ్వు సూసుకో.”

మా వైపు కూడా పుట్టువెంట్రుకలకు మేనమామ ఉంటాడు. అన్నవరమో తిరుపతో వెళ్తారు. మా మేనకోడలి కొడుక్కి తీసినప్పుడు వాళ్ళ మేనమామ అమెరికా కాదు, ఆఖరికి అనకాపల్లి నుంచి, వీడియో కాల్‌లో హాజరయ్యాడు. అందరం దాన్ని మామూలుగానే తీసుకున్నాం. ఇక్కడ ఒక మనిషి ఒడి లేదని ఒక పిల్ల తల మీద మూడేళ్ళు జుట్టు అలా నిలిచిపోయింది. అది మంచిదా చెడ్డదా అని ఆ రోజు నన్నడిగితే చెప్పలేకపోయేదాన్ని. పెద్దదని మాత్రం తెలిసింది.

యముడికి ముందు పూజ

తెల్లవారకముందే యాకయ్య, స్వరూప, లచ్చి, నేను కిరాయి కారులో బయల్దేరాం. భూపాలపల్లి దాటే దాకా ఒక పక్క అడవి, ఒక పక్క బొగ్గు టిప్పర్లు. రోడ్డు పక్క చెట్ల ఆకులు కూడా నల్లగా ఉన్నాయి. తర్వాత ఉన్నట్టుండి నలుపు పోయి మళ్ళీ ఎరుపు. కళ్ళాల్లో ఆరబోసిన మిర్చి, దాని పక్కనే ఛత్తీస్‌గఢ్ నుంచి ఏరడానికి వచ్చిన కూలీల పరదా గుడారాలు, గుడారాల మధ్య చిన్న పిల్లలు. ఈ పిల్లలకు టీకాలు ఎవరు వేస్తారు, ఏ ఊళ్ళో వేస్తారు అనుకున్నాను. ఇదివరకైతే నాకు ఆ ఆలోచనే వచ్చేది కాదు.

కాళేశ్వరంలో గోదారిని చూసి నేను నిలబడిపోయాను. సముద్రంలో కలవబోయే ముందు బద్ధకంగా పారే గోదారి పక్కన పెరిగినదాన్ని. ఇక్కడ ఆవిడ ఇంకా వయసులో ఉంది. ఎండాకాలం రాకముందే ఇసక తేలినా, ప్రాణహిత వచ్చి కలిసే చోట రెండు రంగుల నీళ్ళు కొంతదూరం విడివిడిగానే నడుస్తున్నాయి. మా పుట్టింటి మనిషి చిన్నప్పటి ఫోటో ఎవరో చూపించినట్టుంది. వంగి నీళ్ళు నెత్తిన చల్లుకున్నాను.

గుళ్ళో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి యముడిది, ఒకటి శివుడిది. ముందు యముడికి పూజ చేసి, ఆ తర్వాతే శివుడికి చెయ్యాలట. ఏ ఊళ్ళోనైనా యముడి పేరు ఎత్తితేనే లెంపలేసుకుంటాం. ఇక్కడ ఆయనకు చెంబుతో నీళ్ళు పోసి, పువ్వు పెట్టి, తలవంచుతున్నారు. స్వరూప పిల్లను చంకనెత్తుకుని ఆ లింగం ముందు నిలబడింది. దణ్ణం పెట్టలేదు. సూటిగా చూసి, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు, “ఒక్కన్ని తీస్కపోయినవ్. గీమెను ముట్టకు” అంది. పూజారి విన్నాడో లేదో, తలెత్తలేదు.

నది ఒడ్డున పీట వేశారు. యాకయ్య కొత్త పంచె కట్టుకుని కూర్చున్నాడు. లచ్చికి రాజమ్మ ఇచ్చిన గౌన్లలో పెద్దది వేశారు. భుజాల దగ్గర కాస్త బిగుతే. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టగానే ఆ పిల్ల అతని మీసం పట్టుకుని లాగింది. అతను కత్తెర తీసుకుని మొదటి పాయ కత్తిరించాడు. ఆ చప్పుడుకు స్వరూప కళ్ళు గట్టిగా మూసుకుంది. మూడు పాయలు తీసి, ఇక నావల్ల కాదన్నట్టు కత్తెర మంగలి చేతికిచ్చేశాడు. లచ్చి ఏడ్చి ఊరుకుని, మళ్ళీ ఏడ్చి, చివరికి బోడిగుండు తడుముకుని పకపకా నవ్వింది. గంధం పూసిన ఆ గుండు ఎంత చిన్నగా ఉందో. అంత జుట్టు కింద ఇంత చిన్న తల ఉందని మేమెవరమూ అనుకోలేదు.

రెండు సూదులు

బుధవారం టీకాల రోజు. దగ్గర్లోని ఒక సర్కారు దవాఖానకు వెళ్ళాం. గేటు దగ్గరే యాకయ్య ఆగిపోయాడు. “నేను ఈడనే ఉంట. పోయిరాండ్రి.”

స్వరూప పిల్లతో మెట్ల దాకా నడిచింది. నేను వెనక ఉన్నాను. మెట్టు మీద కాలు పెట్టి, తీసి, వెనక్కి తిరిగి వచ్చింది. “అన్నా, నువ్వు పట్టుకుంటెనే ఏపిస్త.”

“ఒద్దు స్వరూపా. మల్ల నా చేతుల మీద ఒద్దు. ఏమన్న అయితె నేను బతుక.”

“గప్పుడు నేను చెప్పినట్టు ఇన్నవ్. గిప్పుడు గూడ ఇను. దగ్గున్నదని చెప్పొద్దన్నది నేను. నువ్వు గాదు. నా పాపం నీ నెత్తిన పెట్టిన. గీ పిల్లను నీ ఒళ్ళె పెట్టకుంటె గది దిగదు.”

గేటు పక్క టీకొట్టతను గ్లాసులు కడగడం ఆపి చూస్తున్నాడు. యాకయ్య మెడలో తువ్వాలుకు రెండు అరచేతులూ తుడుచుకున్నాడు. తర్వాత చేతులు చాపాడు. ఆ ఇద్దరిలో ఎవరి ధైర్యం పెద్దదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

లోపల నర్సు చిన్న వయసు అమ్మాయి. “జ్వరం, దగ్గు ఏమన్న ఉన్నయా?” అని అడగడమే ఆలస్యం, స్వరూప అన్నీ ఏకరువు పెట్టింది. నిన్న మిర్చి ఘాటుకు తుమ్మింది, పొద్దున కారులో ఒకసారి దగ్గింది, నదిలో తల తడిసింది, రాత్రి సరిగ్గా తినలేదు, పోయిన నెల కడుపునొప్పి అంది. నర్సు నవ్వబోయి, స్వరూప ముఖం చూసి ఆపుకుంది. జ్వరం చూసింది, గుండెకు గొట్టం పెట్టి డాక్టరు చూశాక, “పిల్ల మంచిగున్నది” అంది. మేనమామ ఒళ్ళో కూర్చున్న లచ్చికి ఒక సూది చేతికి, ఒకటి తొడకు, నోట్లో చుక్కలు. యాకయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. స్వరూప మాత్రం ఈసారి కళ్ళు మూసుకోలేదు.

“రాత్రికి ఒళ్ళు వెచ్చగైతది. భయపడకుండ్రి, గీ మందు పొయ్యిండ్రి. నెల దాటినంక మల్ల రావాలె” అంది నర్సు.

ఆ వీధిలో తట్టు లచ్చి గడప తొక్కలేదని ఇది రాస్తున్న ఈ రోజు నాకు తెలుసు. ఆ రోజు మాకెవరికీ తెలియదు. సూది ముందు పడిందో, రోగం ముందు అంటిందో ఎవరు చెప్పగలరు? స్వరూప భయం అది కూడా కాదు. ఆమె భయమంతా ఆ ఒక్క రాత్రి గురించే.

నది వైపు మెట్లు

సత్రంలో దిగాం. చీకటి పడుతుండగా నర్సు చెప్పినట్టే లచ్చి ఒళ్ళు కాలింది. మందు పోశాం. తడిగుడ్డ వేశాం. యాకయ్య గదిలోకి రాలేదు, బయట మెట్ల మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి లోపలికి రమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఆ రాత్రి గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు. ముగ్గురం మేలుకునే ఉన్నాం.

ఎప్పుడు కునుకు పట్టిందో, నేను కళ్ళు తెరిచేసరికి కిటికీలో వెలుతురు. పక్క మీద తల్లీ పిల్లా లేరు. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తాను.

స్వరూప పిల్లను ఎత్తుకుని మెట్ల మీద, అన్న వెనక నిలబడి ఉంది. అతను వెనక్కి తిరగడం లేదు. తిరిగితే ఏం చూడాల్సి వస్తుందోనని భుజాలు బిగబట్టి నది వైపే చూస్తున్నాడు.

“అన్నా” అంది.

అతను మెట్టు అంచును రెండు చేతులా పట్టుకున్నాడు.

“తెల్లారింది అన్నా. జరం దిగింది. బుక్కెడు అన్నం పెట్టమని అడుగుతున్నది.”

అలా అని లచ్చిని అతని ఒళ్ళో కూర్చోబెట్టింది. యాకయ్య ఆ పిల్ల గుండు మీద, మెడ మీద, పొట్ట మీద చెయ్యి పెట్టి పెట్టి చూశాడు. తర్వాత ఆ పొడవాటి మనిషి దాపరికం లేకుండా, చిన్న పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేం లేదు. ఈసారి నింద వెయ్యడానికి మిర్చి కూడా లేదు. ఏడవనిది స్వరూప ఒక్కతే. అన్న పక్కన మెట్టు మీద కూర్చుని, చీర కొంగుతో అతని ముఖం తుడిచింది.

“ఏడువకు. మల్ల నెలకు ఇంకో సూది ఉన్నదట. మా ఊరికి రా. నువ్వే ఎత్తుకొని తీస్కపోవాలె.”